రోడ్డు ప్రమాద పరిహారం కేసు తయారీలో ఏఐని ఎలా వాడాలి: జూనియర్ న్యాయవాదులకు పని పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ బార్లలోని జూనియర్లు కలిసినప్పుడల్లా నన్ను అడుగుతున్నది ఒకటే: మోటారు ప్రమాద పరిహారం పిటిషన్‌ను చాట్‌జీపీటీ లాంటి వాటితో రాయించుకోవచ్చా, రాయించుకుంటే ట్రిబ్యునల్‌లో నిలబడుతుందా? రాయించుకోవచ్చు, కానీ ఆ పనిని అన్నిటికంటే చివర పెట్టుకోండి. పిటిషన్ రాయడం మీకు ఎలాగూ వచ్చు. కక్షిదారు ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన నూటయాభై కాగితాలను తేదీల వరుసలో పెట్టి, వాటిలో ఒకదానికొకటి పొసగనివి ఏవో పట్టుకోవడానికే రెండు రోజులు పోతాయి, ఏఐ నిజంగా ఆదా చేసేది ఆ రెండు రోజులనే.

అమెరికాలో ఈవెన్‌అప్ వంటి సంస్థలు వైద్య రికార్డులను చదివి, బీమా కంపెనీకి పంపవలసిన డిమాండ్ లేఖను తయారుచేసి ఇవ్వడమే వ్యాపారంగా నడుపుతున్నాయి. అక్కడ గాయాల కేసుల్లో ఎక్కువ భాగం కోర్టు బయటే తేలిపోతాయి కాబట్టి వారికి ఆ లేఖే ప్రాణం. మన దగ్గర 65వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారుల మీద జరిగే ప్రమాదాలు ఎంవీఓపీలుగా (మోటారు ప్రమాద పరిహారం పిటిషన్లుగా) ట్రిబ్యునల్‌కు వస్తాయి, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినా అది సాక్ష్యం బలాన్ని బట్టే కుదురుతుంది. అందుకే అక్కడి పద్ధతిని ఇక్కడికి తెచ్చుకోకుండా, మన ట్రిబ్యునల్ పనికి తగిన వరుసను కింద రాస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఎఫ్‌ఐఆర్, చార్జ్‌షీట్, సంఘటనా స్థల పంచనామా, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, డిసెబిలిటీ సర్టిఫికెట్, బీమా పాలసీ, డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ, కక్షిదారు వయసుకూ ఆదాయానికీ ఆధారాలు కావాలి. మరణం కేసైతే పోస్టుమార్టం రిపోర్టు, ఇన్‌క్వెస్ట్ (శవ పంచనామా), కుటుంబ సభ్యుల వివరాలు అదనంగా తెచ్చుకోవాలి. ఫోన్‌లో స్కానర్ యాప్, ఏదైనా ఒక ఏఐ సేవ, లెక్కకు ఒక ఎక్సెల్ షీటు ఉంటే చాలు. డబ్బు కట్టిన ఖాతా ఉంటే మంచిది. ఉచిత ఖాతానే వాడుతున్నట్లయితే, మీరు ఇచ్చిన సమాచారాన్ని మోడల్ శిక్షణకు తీసుకునే సెట్టింగును ముందు ఆపివేయండి.

1. గడువునూ సెక్షన్లనూ మీరే నిర్ణయించుకోండి

ఈ రెండింటినీ ఏఐని అడగవద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణల్లోని పరిహారం భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు 27 ఏళ్లకు పైగా ఈ క్లెయిమ్‌లకు కాలపరిమితి లేదు, ఆ కాలంలో వచ్చిన తీర్పులూ వ్యాసాలూ కుప్పలుగా ఉన్నాయి. అందువల్ల ఏఐ చాలాసార్లు ‘గడువు లేదు’ అని ధైర్యంగా చెబుతుంది. ఇప్పుడు ఆ చట్టం 166(3) సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి. ఆ నిబంధనపై సవాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, దానిపై తాజా ఉత్తర్వులేమిటో మీరే చూసుకోవాలి. ఆ ఉత్తర్వులు ఎలా ఉన్నా ఆరు నెలల్లోపే పిటిషన్‌కు నంబరు పడేలా చూసుకోవడం క్షేమం.

తప్పుతో నిమిత్తం లేని పరిహారం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. పాత 140వ సెక్షన్ కింద 50,000, 25,000 రూపాయలు అని ఏఐ రాస్తే, అది తొలగిపోయిన చట్టం చెబుతోందని అర్థం. ఇప్పుడు 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. ఇక క్రిమినల్ సెక్షన్లకు తేదీ ముఖ్యం: 2024 జూలై 1కి ముందు జరిగిన ప్రమాదమైతే ఐపీసీ 304ఏ, 338, ఆ తర్వాతిదైతే ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106(1), 125(బి). ఏఐ ఈ రెండు కాలాలనూ కలిపి వండుతుంది.

2. కాగితాలను స్కాన్ చేసి, పేర్లు తీసివేయండి

ప్రతి పేజీకీ పెన్నుతో నంబరు వేసి, ఆ తర్వాతే స్కాన్ చేయండి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఇంటి చిరునామా మీద కాగితం ముక్క పెట్టి దాచండి. పేర్ల స్థానంలో ‘పిటిషనర్ 1’, ‘డ్రైవర్’, ‘ఓనర్’ అని పెట్టండి. కక్షిదారు మీతో చెప్పుకున్నదానికి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ ఉంది, దాన్ని మీరే తీసుకెళ్లి బయటి సర్వర్లో పెట్టకూడదు.

చేతిరాత దగ్గర మాత్రం ఏఐని నమ్మవద్దు. కేస్ షీట్లలో డాక్టర్లు కుడికీ ఎడమకూ రెండేసి అక్షరాల గుర్తులు రాస్తారు. స్కాన్‌లో కొంచెం మసక పడితే కుడి తొడ ఎముక ఎడమదైపోతుంది, ఆ సారాంశాన్ని మీరు పిటిషన్‌లోకి ఎత్తిపోస్తే బీమా కంపెనీ న్యాయవాదికి క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న దొరికినట్లే. చేతిరాత పేజీలను మీరే చదివి, టైపు చేసి ఇవ్వండి. అర్థం కాకపోతే ఆ ఆస్పత్రి రికార్డు సెక్షన్‌కు వెళ్లండి.

3. తేదీల పట్టిక తయారు చేయించండి

ఇచ్చే ఆదేశం ఇలా ఉండాలి: ‘ఈ పేజీల్లో ఉన్నది మాత్రమే తీసుకో. తేదీ, సమయం, ఏం జరిగింది, ఎవరు రాశారు, పేజీ నంబరు అనే ఐదు గడుల పట్టిక వేయి. కాగితంలో లేనిచోట ‘లేదు’ అని రాయి, ఊహించవద్దు. చివర ఒక పేజీకీ మరో పేజీకీ పొసగని విషయాలను విడిగా చూపించు.’

ఈ చివరి వాక్యమే అసలైన లాభం. ప్రమాదం చిట్యాల దగ్గర రాత్రి 8 గంటలకని ఎఫ్‌ఐఆర్‌లో ఉండి, ఆస్పత్రి పోలీసులకు పంపే ఇన్‌టిమేషన్‌లో చేరిన సమయం 7.40 అని ఉంటే, మూడో రాత్రి మేల్కొని చదివే జూనియర్ కంటికి అది అందకపోవచ్చు, ఏఐకి అందుతుంది. అవతలి పక్షాన బీమా కంపెనీలు కూడా ఇలాంటి తేడాలు పట్టే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నాయి కాబట్టి, వారికంటే ముందు మీకు తెలియడం అవసరం. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైన కేసులూ, వాహనం నంబరు తర్వాత చేర్చిన కేసులూ ఈ పట్టికలో వెంటనే బయటపడతాయి. ఆలస్యానికి కారణం ఉంటే పిటిషన్‌లోనే చెప్పవచ్చు.

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఏవైనా పది వరుసలు తీసుకుని, అసలు పేజీలతో పోల్చండి. ఒక్క తప్పు దొరికినా మొత్తం పట్టికను పేజీ పేజీ సరిచూడాలి.

పోలీసుల నుంచి రావలసిన కాగితాలకు కూడా ఇందులోనే ఒక గడి పెట్టండి. 2022 నిబంధనల ప్రకారం మొదటి ప్రమాద నివేదిక 48 గంటల్లో, సమగ్ర నివేదిక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాలి. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు వీటి అమలుకు ఆదేశాలిచ్చింది. 166(4) కింద ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకోవచ్చు. అయినా దాని మీదే భారం వేసి కూర్చోకుండా మీ పిటిషన్ మీరు వేయండి.

4. కక్షిదారు చెప్పిన మాటలను అనువదించేటప్పుడు యాసను గమనించండి

కక్షిదారు మాటలను రికార్డు చేసి రాయించుకోవడం, దాన్ని ఇంగ్లిషులోకి మార్పించడం ఇప్పుడు తేలిక. అయితే ఈ యంత్రాలు ఎక్కువగా పుస్తకాల తెలుగునూ పత్రికల తెలుగునూ చదివి తయారైనవి, దేవరకొండ, అచ్చంపేట వైపు మాట వాటికి సగమే తెలుసు. ‘మొన్న అయితారం బండి మీద పోతాంటే మోరీ కాడ లారీ గుద్దింది’ అని ఒక మనిషి చెప్పాడనుకోండి. ఏఐ ‘మొన్న’ను రెండు రోజుల క్రితం అని పట్టుకుంటుంది, కానీ మన దగ్గర ఆ మాటకు నెల కిందటిదనీ అర్థం ఉంది. ‘బండి’ని ఎద్దుల బండిగా, కల్వర్టు అని అర్థమున్న ‘మోరీ’ని ఊరి పేరుగా రాసిన అనువాదాలను నేను సరిదిద్దాను. ఆ ఒక్క వాక్యంలో తేదీ, వాహనం, స్థలం మూడూ పోయాయి, మిగిలింది లారీ ఒక్కటే.

అందుకే మొదట తెలుగులోనే రాయించి, కక్షిదారుకు చదివి వినిపించి, సరిదిద్దిన తర్వాతే ఇంగ్లిషులోకి మార్పించండి. నేరుగా రికార్డింగు నుంచి ఇంగ్లిషులోకి దూకవద్దు.

పాలమూరు వలస కూలీల కేసుల్లో మాత్రం అనువాదం నిజంగా చేయూతనిస్తుంది. ముంబయి, పుణె పనుల మీద ఉండగా ప్రమాదం జరిగితే, కక్షిదారు నివాసం ఇక్కడే కాబట్టి 166(2) కింద మహబూబ్‌నగర్‌లోనే పిటిషన్ వేయవచ్చు. కానీ ఎఫ్‌ఐఆర్, పంచనామా మరాఠీలో ఉంటాయి. ఏఐ ఇచ్చే ముసాయిదా అనువాదంతో కేసు మీకు అదే రోజు అర్థమవుతుంది. ట్రిబ్యునల్‌లో దాఖలు చేసే ప్రతిని మాత్రం మరాఠీ తెలిసిన మనిషి చదివి సంతకం పెట్టాలి.

5. లెక్కను ఎక్సెల్‌లో వేయండి, ఏఐతో తనిఖీ చేయించండి

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ఏఐతో లెక్క వేయించి, తామే ఒకసారి చూసి వదిలేస్తున్నారు. మీరు వేసిన లెక్కలో ఏ పద్దు మరచిపోయారో అడిగితే అది బాగా చెబుతుంది. లెక్కే వేయమంటే మాటల నిపుణుడు కూడికలు చేసినట్లు ఉంటుంది.

ఉదాహరణకు 34 ఏళ్ల తాపీ మేస్త్రీని తీసుకుందాం. నెలకు 15,000 రూపాయల సంపాదన, కాలికి 40 శాతం వైకల్యం. ఏడాదికి 1,80,000. స్వయం ఉపాధి, 40 ఏళ్లలోపు కాబట్టి సుప్రీంకోర్టు 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం, అంటే 72,000 కలిపితే 2,52,000. సరళా వర్మ తీర్పు పట్టికలో 31 నుంచి 35 ఏళ్లకు మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని గుణించవలసిన సంఖ్య, 16. మొత్తం 40,32,000. అందులో 40 శాతం 16,12,800 రూపాయలు.

ఇదే లెక్కలో ఏఐ ఎక్కడెక్కడ తప్పుతుందో చూడండి. మొదటిది, గాయం కేసులో కూడా వ్యక్తిగత ఖర్చుల కింద మూడో వంతు తీసివేస్తుంది, ఆ కోత మరణం కేసులకే తప్ప గాయాలకు లేదని 2011(1) ఎస్‌సీసీ (సుప్రీంకోర్టు తీర్పుల సంపుటి) 343లోని రాజ్‌కుమార్ తీర్పు చెప్పింది. ఆ తప్పుతో మన మేస్త్రీకి 10,75,200 మాత్రమే మిగులుతుంది. రెండోది, గాయం కేసులో భవిష్యత్ ఆదాయాన్ని కలపదు. పప్పు దేవ్ యాదవ్ కేసులో 2020లోనే సుప్రీంకోర్టు అది కలపవలసిందేనని చెప్పినా, కలపకుండా 11,52,000 దగ్గర ఆగిపోతుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది. డాక్టర్ రాసిన 40 శాతం వేరు, ఆ కాలితో ఈ మనిషి పరంజా ఎక్కగలడా లేదా అన్నది వేరు. సంపాదించే శక్తి ఎంత పోయిందన్నదే లెక్కకు ఆధారమనీ, అది వృత్తిని బట్టి మారుతుందనీ అదే రాజ్‌కుమార్ తీర్పు చెబుతుంది. ట్రిబ్యునల్ 60 శాతం అని తేలిస్తే మొత్తం 24,19,200 అవుతుంది. సర్టిఫికెట్‌లోని అంకెను ఏఐ కళ్లు మూసుకుని గుణిస్తుంది. పరంజా సంగతి మీరు చెప్పాలి, డాక్టరును సాక్షిగా పిలిచి చెప్పించాలి.

మరణం కేసుల్లో చూడవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పెళ్లికాని కుర్రాడు చనిపోతే కోత సగం, ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, ఆరుగురికి మించితే ఐదో వంతు. మల్టిప్లయర్‌ను చనిపోయిన వ్యక్తి వయసును బట్టే తీసుకోవాలి, తల్లిదండ్రుల వయసు తీసుకోమని ఏఐ చెబితే అది పాత తీర్పుల వాసన. ప్రణయ్ సేథీలో ఎస్టేట్ నష్టానికి 15,000, కన్సార్షియంకు (కుటుంబ సభ్యుడి సాంగత్యం కోల్పోయినందుకు) 40,000, అంత్యక్రియలకు 15,000 నిర్ణయించి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమన్నారు. ఏఐ 2017 అంకెల దగ్గరే నిలిచిపోతుంది. రెండు పెంపుల తర్వాత అవి 18,150, 48,400, 18,150 అయ్యాయి, 2026 అక్టోబరు తర్వాత మరో పెంపు వేసుకోవాలి. కన్సార్షియం భార్యకే కాక పిల్లలకూ తల్లిదండ్రులకూ వర్తిస్తుందని 2018 నాటి మాగ్మా తీర్పు చెప్పింది.

వయసు విషయంలో ఒక జాగ్రత్త. మన పల్లెల్లో చాలా ఆధార్ కార్డుల మీద పుట్టిన తేదీ జనవరి 1. ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోనక్కరలేదని, బడి ధ్రువపత్రానికి ప్రాధాన్యం ఇవ్వవచ్చని 2024 అక్టోబరులో సరోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా ప్రమాద పరిహారం కేసే. 35కూ 36కూ మధ్య ఉన్న కక్షిదారుకు ఈ తేడా ఒక మల్టిప్లయర్ విలువ చేస్తుంది.

6. ప్రతి సైటేషన్‌నూ అసలు తీర్పులో చూడండి

లేని తీర్పులను ఏఐ సృష్టించిన కేసుల్లో లోకమంతా ఎరిగినది ఒక గాయం కేసే. విమానంలో ఆహారం పంచే ఇనుప బండి మోకాలికి తగిలిందని ఎవియాంకా సంస్థ మీద ఒక ప్రయాణికుడు న్యూయార్క్ కోర్టులో దావా వేశాడు. అతని న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను చూడకుండా దాఖలు చేశారు, ఆ తీర్పులు అసలు లేవు. 2023 జూన్‌లో కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర కూడా ఒక జూనియర్ రాతపూర్వక వాదనలో ఉదహరించిన తీర్పు ప్రతిని అవతలి న్యాయవాది అడిగితే, ఆ కుర్రాడు వాయిదా కోరి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. వాల్యూమ్ నంబరు నిజమే, పేజీ నంబరు నిజమే, ఆ పేజీలో ఉన్నది మాత్రం భూసేకరణ తగాదా.

సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లోని ఈ-ఎస్‌సీఆర్ అనే తీర్పుల నిధి ఉచితం. తీర్పు ఉందా, అందులో మీరు చెప్పిన మాట ఉందా, ఆ మాట కోర్టు తేల్చినదా లేక ఒక పక్షం వాదనను ఉటంకించినదా అని ఈ వరుసలోనే చూడండి. మూడోది ఎక్కువమంది వదిలేస్తారు. తెలుగులోకి అనువదించిన తీర్పులు దొరికితే కక్షిదారుకు వివరించడానికి వాడుకోండి, ఉదహరించేటప్పుడు ఇంగ్లిషు ప్రతినే తీసుకోండి. ‘ఈ తీర్పు నిజమేనా’ అని మళ్లీ అదే ఏఐని అడగడం తనిఖీ కాదు, అది ‘నిజమే’ అంటుంది.

7. వీడియోల జోలికి ఏఐని పోనివ్వవద్దు

పంతంగి, కొర్లపహాడ్, రాయికల్ టోల్‌ప్లాజాల ఫుటేజీ గానీ, దాబా ముందటి సీసీ కెమెరా ఫుటేజీ గానీ దొరికితే, మసకగా ఉందని ఏఐతో ‘క్లియర్’ చేయించవద్దు. ఆ సాఫ్ట్‌వేర్ లేని గీతలను ఊహించి గీస్తుంది, నంబరు ప్లేటు మీద అంకెను కూడా అలాగే పుట్టిస్తుంది. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలును గుర్తించే డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఫైలు మారితే హ్యాష్ మారుతుంది, సాక్ష్యం మొత్తం అనుమానంలో పడుతుంది. అసలు ఫైలును అలాగే ఉంచి, ఫుటేజీ చెరిగిపోకముందే భద్రపరచమని రాతపూర్వకంగా కోరండి.

8. ముసాయిదా, ఆ తర్వాత ఎదురు ప్రశ్నలు

ఇప్పుడు పిటిషన్ రాయించండి. మీ పట్టిక, మీ లెక్క, మీరు సరిచూసిన తీర్పులు మాత్రమే ఇచ్చి, మీ ఆఫీసులోని పాత పిటిషన్ ఒకదాన్ని పేర్లు తీసివేసి నమూనాగా చూపించండి. వచ్చిన ముసాయిదాలో ‘అతి దారుణమైన’, ‘వర్ణించలేని వేదన’ వంటి మాటలు ఎక్కువ ఉంటాయి, అన్నీ కొట్టివేయండి. ‘రోజుకు 40 ఇటుకల తట్టలు మోసేవాడు, ఇప్పుడు బాత్రూంకు వెళ్లడానికి భార్య పట్టుకోవాలి’ అన్న కక్షిదారు మాట ఒక్కటి చాలు.

తర్వాత ఏఐకి పాత్ర మార్చండి: ‘నీవు బీమా కంపెనీ న్యాయవాదివి. ఈ కాగితాలను బట్టి పిడబ్ల్యూ1ను (పిటిషనర్ పక్షం మొదటి సాక్షిని) అడగగల ఇరవై ప్రశ్నలు రాయి.’ నాకు తెలిసి ఈ మొత్తం పద్ధతిలో ఇదే అన్నిటికన్నా పనికొచ్చే అడుగు. హెల్మెట్ గురించి, రాంగ్ రూట్‌లో రావడం గురించి, ఆటోలో ఎక్కించిన మందిని గురించి, లైసెన్సు గురించి వచ్చే ప్రశ్నలు ముందే కనిపిస్తాయి. వాటితో కక్షిదారుకు జవాబులు నేర్పవద్దు, కేసులో బలహీనత ఎక్కడుందో మీరు తెలుసుకోవడానికే వాడండి. నేర్పిన జవాబు బోనులో మూడో ప్రశ్నకే తెలిసిపోతుంది.

దాఖలు చేసే ముందు రోజు

ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో ప్రతి అంకె పక్కన పేజీ నంబరు రాయండి. పేజీ నంబరు రాయలేని అంకె ఏదైనా మిగిలితే అది ఏఐ పుట్టించినదే కావచ్చు, కొట్టివేయండి. వాహనం నంబరు, పాలసీ నంబరు, పాలసీ అమల్లో ఉన్న తేదీలు, ప్రమాదం తేదీ ఈ నాలుగింటినీ గుమాస్తా గట్టిగా చదువుతుంటే మీరు అసలు కాగితాల్లో చూడండి. చివరగా పిటిషన్ మొత్తాన్ని తెలుగులో కక్షిదారుకు చెప్పి, ‘ఇందులో నువ్వు చెప్పనిది ఏమన్నా ఉందా’ అని అడగండి. ‘ఉంది సార్’ అని ఒక్క మాట వచ్చినా ఆ రోజు సంతకం పెట్టించవద్దు.